అక్క వేలు పడని ఆషాఢం

మా అక్క వేళ్లకు ముద్రలు పోయాయన్న సంగతి ఆమె డాక్టరు కంటే ముందు నేనే కనిపెట్టాను. ఇందులో నా గొప్పేమీ లేదు. మిర్యాలగూడలో ఒక వాడకు నేను రేషన్ డీలర్ని. నెలలో మొదటి పదిహేను రోజులు నేను బియ్యం తూచేదానికంటే జనం వేళ్లు చూసేదే ఎక్కువ. వేలు మిషన్ మీద పెట్టాలి, మిషన్ ఒప్పుకోవాలి, అప్పుడే బియ్యం.

మిషన్ వచ్చిన కొత్తలో ఎవరి వేలైనా పడకపోతే నాకు చిరాకు వచ్చేది. తర్వాత అది తెలుసుకోవాలన్న ఆసక్తిగా మారింది. ఎందుకు పడలేదు? దామరచర్లలో కరెంటు ప్లాంటు దగ్గర సిమెంటు పనికి పోయేవాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి. రైసుమిల్లు హమాలీలకు బొటనవేలు పనికిరాదు, చిటికెన వేలు పడుతుంది. నాట్ల కాలంలో ఆడవాళ్ల వేళ్లు బురదనీళ్లలో నాని ముడతలు పడతాయి, వాళ్లను కాసేపు కూర్చోబెట్టి ఆరాక పెట్టమంటాను. ముసలివాళ్లయితే వేలు ఒకసారి తల వెంట్రుకల మీద రుద్దుకుని పెట్టమంటాను, ఆ కాస్త జిడ్డుకు ముద్ర పడుతుంది. ఇన్ని వేళ్లు చూసినా, మింగిన మందు వల్ల ముద్రలు చెరిగిపోతాయని మాత్రం నాకు తెలియదు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. ముప్పై ఏళ్ల కింద కోదాడకు కోడలిగా పోయింది. బావ పోయి నాలుగేళ్లయింది. కొడుకూ కోడలితో ఉంటూ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొలత తీసుకోకుండా మనిషిని చూసి గుడ్డ కత్తిరించగలదని కోదాడలో ఆమెకు పేరు. ఆమె మాట కూడా అటూ ఇటూ కుట్టినట్టే ఉంటుంది. సగం మా మాట, సగం ఏటి అవతలి ఆంధ్ర మాట. ఒకే వాక్యంలో ‘ఉంటది’ అనీ అంటుంది, ‘ఉంటుంది’ అనీ అంటుంది.

ఏడాది పాటు దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే మొలలనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చివరికి పెద్దపేగులో క్యాన్సరని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. మిగిలిన కణాలేవైనా ఉంటే చచ్చిపోవడానికి ఆరు నెలలు కీమో గోళీలు మింగాలన్నారు. ఆ గోళీల వైద్యం సూర్యాపేట దవాఖానలోనే చూస్తారంటే, ఎండలు ముదిరిన రోజుల్లో నేను అక్కను అక్కడికి తీసుకెళ్లాను.

కీమో అంటే సెలైన్ సీసా, చేతికి సూది అని అక్క భయపడింది. గోళీలని తెలిశాక ముఖం తేటపడింది. డాక్టరు చూసి పంపాక, తుంగతుర్తి వైపు నుంచి వచ్చిన ఒక నర్సు మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టి బల్ల మీద స్ట్రిప్పులు పరిచింది. మందు పేరు కాపెసిటాబిన్. పలకడం రాకపోయినా పేరు రాసుకోమంది. ఏ దవాఖానకు పోయినా ముందు ఆ పేరు చెప్పాలట.

“గోళీలే కదమ్మా, పర్వాలేదు” అంది అక్క.

“గోళీ అయినా గది కీమోనే అమ్మా. సూదయితే మేం కండ్ల ముందర పెట్టుకొని చూస్తం. గోళీలు మీరు ఇంట్ల మింగుతరు. అందుకే జాగ్రత్త ఇంకా ఎక్కువ గావాలె” అంది నర్సు.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. తిన్న అరగంటలోపు, మంచినీళ్లతో. పద్నాలుగు రోజులు మింగాలి, ఏడు రోజులు ఆపాలి, మళ్లీ మొదలు. ఆ ఏడు రోజుల మాట అక్కకు నచ్చలేదు.

“మధ్యలో ఆపితే ఎట్లా? కుట్టు సగంలో ఆపితే దారం ఊడిపోతుంది.”

“ఆపుడు కూడా వైద్యమే అమ్మా. ఆ వారంలనే మీ రక్తం మళ్ల తేరుకుంటది. ఆపకుండ మింగితే రోగం తొందరగా పోదు, మీరు పోతరు.”

ఆమె అంత కటువుగా అన్నందుకు అక్క కాస్త వెనక్కి జరిగింది. నాకు మాత్రం కుతూహలం పెరిగింది. అడగడానికి మొహమాటపడే అలవాటు నాకు ఎప్పుడో పోయింది. ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి అని అడిగాను. మరిచింది మరిచినట్టే వదిలెయ్యాలి, తర్వాతి పూట రెండింతలు మింగకూడదు. మింగగానే వాంతి చేసుకుంటే? అప్పుడూ మళ్లీ మింగకూడదు, ఫోన్ చేయాలి. మరి ఈ మందుకు క్యాన్సర్ ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది?

నర్సు నవ్వింది. “ఎవ్వరూ అడగరు ఇది. మందుకు తెల్వదక్కా. తొందరతొందరగా పెరిగే కణాలను పట్టుకుంటది, గంతే. క్యాన్సర్ గట్ల పెరుగుతది. కానీ నోట్లె చర్మం, పేగుల లోపలి పొర, రక్తం, గివి కూడా తొందరగనే పెరుగుతయి. అందుకే నోరు పూస్తది, విరేచనాలు అయితయి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతయి. జ్వరం వస్తే మాత్రం ఇంట్ల గోళీ ఏసుకొని పండుకోవద్దు. ఏ టైమైనా సరే ఈ నెంబర్‌కు ఫోన్ చెయ్యుండ్రి.”

ఆమె ఒక కార్డు ఇచ్చింది. తర్వాత అక్కను అడిగింది.

“ఇంట్ల ఎవరన్న కడుపుతోని ఉన్నరా?”

“నా కోడలు. ఐదో నెల.”

“అయితే ఆమెను ముట్టనియ్యొద్దు. గోళీలు మీరే తీసుకోవాలె, మీరే దాచుకోవాలె. వాంతులు, మూత్రం అంటిన బట్టలు ఆమెతోని ఉతికించొద్దు.”

అక్క తల ఊపింది. బయటికి వచ్చాక, “నేను కోదాడ పోను. నీ దగ్గరే ఉంటా” అంది. ఎందుకని అడిగితే ఆ ఇల్లు ఇరుకని చెప్పింది. నేను నమ్మాను. అక్క నా ఇంట్లో ఆరు నెలలుంటుందంటే నాకూ సంతోషమే. కోడలు తల్లిలేని పిల్ల అనీ, తొలి కాన్పుకు ఆమెకు ఉన్న పెద్దదిక్కు మా అక్కే అనీ నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు తట్టలేదు.

ఇంటికొచ్చాక మొదటి గొడవ డబ్బా దగ్గరే వచ్చింది. అక్క స్ట్రిప్పుల్లోంచి గోళీలన్నీ తీసి తన గుండీల డబ్బాలో పోసింది, ఏ పూటకు ఆ పూట తీయడం సులువని. గోళీ పెద్దదిగా ఉందని కత్తెరతో సగం చేయబోయింది. నేను కత్తెర లాక్కుని నర్సుకు ఫోన్ చేశాను.

“కొయ్యొద్దు, దంచొద్దు, నమలొద్దు. పొడి లేస్తే మీకూ తగులుతది, ఇంట్లోళ్లకూ తగులుతది. స్ట్రిప్పుల నుంచి అప్పటికప్పుడే తియ్యాలె. మింగినంక చేతులు సబ్బుతోని కడుక్కోవాలె” అంది. డబ్బాలో పోసినవి ఏం చేయాలంటే, వాటిని విడిగా కట్టి మళ్లీ వచ్చేటప్పుడు తెమ్మంది. కొత్తవి ఇస్తానంది. గోళీలు ముట్టుకోవాల్సి వస్తే నేను గ్లవుజులు వేసుకోవాలని కూడా చెప్పింది. అప్పుడే మొదటిసారి ఆ గోళీల వంక వేరే చూపుతో చూశాను. లేత గులాబీ రంగులో, పిల్లల మిఠాయిలా ఉన్నాయి. అక్క వేళ్లతో పట్టుకుని మింగుతుంటే నేను మాత్రం గ్లవుజులు వేసుకోవాలి. ఆమెకు మందయినది నాకు మందు కాదు.

మొదటి విడత పెద్ద ఇబ్బంది లేకుండా గడిచింది. రెండో విడతలో నీరసం, రోజుకు రెండు మూడు విరేచనాలు. ఎప్పుడు అడిగినా “బానే ఉన్నా” అనేది. మూడో విడత నడుస్తుండగా ఆషాఢం వచ్చింది.

మా వెనకింటి వాళ్ల దొడ్లో గోరింటాకు చెట్టు ఉంది. వాడలో ఆడవాళ్లందరూ ఆకు దూసుకుని నూరుకున్నారు. అక్క కూడా పెట్టుకుంది. అరచేతిలో చందమామ, వేళ్ల కొసలకు టోపీలు. అంతటితో ఆగకుండా అరికాళ్లకు కూడా మందంగా పట్టించింది. నాలుగు రోజులకు మళ్లీ పెట్టుకుంది. వారం తిరక్కుండా మూడోసారి.

“ఏందక్కా, పెళ్లికూతురివా?” అన్నాను.

“చల్లగా ఉంటదే” అంది.

ఒంట్లో బాగాలేని మనిషి ముచ్చటపడుతోందని సంతోషించాను తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

ఆ నెల రేషన్ మొదలైన రెండో రోజు. సన్నబియ్యం ఇస్తున్నప్పటి నుంచి షాపు తెరవకముందే జనం ఉంటారు. అక్క కూడా నాకు తోడుగా వచ్చి కుర్చీలో కూర్చుంది. మా ఆయన బియ్యం తూస్తున్నాడు. జనం పలచబడ్డాక అక్క, “మా కార్డు మీద బియ్యం ఈ నెల ఇక్కడే తీసుకుంటా. పిల్లగాడొచ్చినప్పుడు పట్టుకుపోతాడు” అంది. ఏ ఊరి కార్డయినా ఏ షాపులోనైనా తీసుకోవచ్చు కాబట్టి సరేనన్నాను. ఆమె బొటనవేలు పెట్టింది. మిషన్ ఒప్పుకోలేదు. చూపుడు వేలు, మధ్య వేలు, రెండో చేయి. ఒక్కటీ పడలేదు.

“గోరింటాకు వల్లేమో” అంది అక్క, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

నేనూ అదే అనబోయాను. కానీ అప్పటికే ఆ పొద్దున క్యూలో సగం మంది ఆడవాళ్ల వేళ్లు ఎర్రటి టోపీలతోనే ఉన్నాయి. ఒకరిద్దరికి తుడుచుకోమని చెప్పాల్సి వచ్చింది తప్ప అందరివీ పడ్డాయి. ఒకే చెట్టు ఆకు. మా అక్క వేళ్లకే ఎందుకు పడదు?

“సూపియ్యి” అన్నాను.

“ఏం చూస్తావే, వదిలెయ్.”

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోగానే అక్క ముఖం ముడుచుకుపోయింది. వెలుతురులోకి తిప్పి చూశాను. గోరింటాకు ఎరుపు కింద ఇంకో ఎరుపు ఉంది, వాచినట్టుగా, మెరుస్తూ. వేళ్ల కొసలు గాజుబిళ్లలా నున్నగా ఉన్నాయి. గీతల్లేవు. బొటనవేలి పక్కన తోలు పొరలుపొరలుగా లేచింది. ఇన్నేళ్లలో అరిగిన వేళ్లు చూశాను, కాలిన వేళ్లు చూశాను, తెగిన వేళ్లు చూశాను. ఇట్లా ఒక్క గీతా మిగలని వేళ్లు చూడలేదు.

“ఎన్ని రోజులాయె?”

“పది పన్నెండు రోజులు. గోరింటాకు పెడితే మంట తగ్గుతుందని...”

“నాకు ఎందుకు చెప్పలే?”

“చెప్తే ఫోన్ చేస్తావు. ఫోన్ చేస్తే గోళీలు ఆపేస్తారు. ఆపేస్తే అది మళ్లీ వస్తుంది” అంది. గొంతు పెంచలేదు. లెక్క తేల్చుకుని చాలా రోజులైన మనిషి చెప్పినట్టు చెప్పింది.

నేను కార్డు మీది నెంబరుకు ఫోన్ చేశాను. నర్సు అక్కతో మాట్లాడించమనకుండా నన్నే ప్రశ్నలడిగింది.

“తోలు ఊడుతున్నదా? నొప్పి ఉన్నదా?”

“రెండూ ఉన్నయి సిస్టర్.”

“జాకెట్ హుక్కులు ఆమెనే పెట్టుకుంటున్నదా?”

అక్క వారం రోజులుగా నైటీలోనే ఉంటోంది. ఊళ్లో ఆడవాళ్లు నైటీల మీద బజారుకొస్తే వెక్కిరించే మనిషి. ఉక్కపోతకని అనుకున్నాను. హుక్కు పట్టుకోవడానికి వేళ్లు రావడం లేదని నాకు తట్టలేదు.

“లేదు సిస్టర్.”

“అయితే ఈ పూట నుంచే గోళీలు ఆపుండ్రి. రేపు పొద్దున తీసుకరాండ్రి. ఇంట్ల ఆమె మింగే మందులు ఏమున్నా సరే, అన్నీ సంచిల ఏసుకొని రాండ్రి.”

ఫోన్ పెట్టేశాక నేను అక్క కన్ను మిషన్‌కు చూపించి ఆమె బియ్యం ఇచ్చాను. కంటి ముద్రకు ఏమీ కాలేదు.

మరుసటి రోజు సూర్యాపేటలో డాక్టరు అక్క చేతులు, కాళ్లు చూశాడు. చెప్పులు విప్పితే మడమల దగ్గర చర్మం పగిలి ఉంది. ఆయన కోప్పడతాడని అక్క ముందే తల దించుకుంది. ఆయన కోప్పడలేదు.

“ఎర్రబడ్డ రోజే చెప్పి ఉంటే నాలుగు రోజులు ఆపి మళ్లీ ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు రెండు మూడు వారాలు ఆపాలి. తర్వాత డోసు తగ్గిస్తాను” అన్నాడు.

“తగ్గిస్తే మళ్లీ వస్తుంది కదా సార్?”

“డోసు తగ్గించుకుని ఆరు నెలలూ పూర్తి చేసినవాళ్లు చాలామంది ఉన్నారమ్మా. బాధ దాచిపెట్టి మింగినవాళ్లే మధ్యలో పూర్తిగా మానుకోవాల్సి వస్తుంది. మీ జాకెట్ మీకే సరిపోయేట్టు కుడతారు కదా. డోసు కూడా అంతే. మొదట కొలత చూసి ఇస్తాం, వేసి చూశాక బిగుతుగా ఉంటే వదులు చేస్తాం.”

ఆయనకు ఆమె టైలరని ఎట్లా తెలుసో నాకు తెలియదు. చీటీ మీద రాసి ఉందేమో. ఆ మాటకు మాత్రం అక్క తలెత్తింది.

నర్సు మా సంచి బల్ల మీద బోర్లించింది. కీమో స్ట్రిప్పులు, బీపీ గోళీలు, వాటి అడుగున నేనెప్పుడూ చూడని చిన్న పసుప్పచ్చ గోళీల స్ట్రిప్పు.

“గివేంటివి అమ్మా?”

“బలం గోళీలు. నీరసంగా ఉంటే మందుల షాపులో తెచ్చుకున్నా.”

“కీమో మింగుతున్నా అని ఆడ చెప్పినవా?”

“లేదు. మా కోడలికి రాసిచ్చినవే ఇవి. పేరు గుర్తుండి అడిగాను. కడుపుతో ఉన్న పిల్లకు మంచి చేసేవి నాకు చెడు చేస్తాయా?”

డాక్టరు స్ట్రిప్పు తిప్పి చూశాడు. “ఫోలిక్ యాసిడ్. మీ కోడలికి ఇది చాలా అవసరం. మీకు మాత్రం ఇప్పుడు వద్దు. మీరు మింగే కీమో మందుకు ఇది తోడైతే ఆ మందు మీ ఒంట్లో ఇంకా గట్టిగా పనిచేస్తుంది. విరేచనాలు, చేతుల మంట ఎక్కువవుతాయి. మీ చేతులు ఇంత తొందరగా ఇట్లా కావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.”

నేను ఆ చిన్న గోళీ వంక చూస్తూ ఉండిపోయాను. కోదాడలో అదే గోళీ ఒక బిడ్డను పెంచుతోంది. మిర్యాలగూడలో అదే గోళీ ఆ బిడ్డ నాయనమ్మ వేళ్ల తోలు ఒలిచింది. అల్లం, పసుపు కషాయాల గురించీ, ఊళ్లో వేరుమందుల గురించీ అప్పుడే అడిగాను. ఏది మొదలుపెట్టాలన్నా ముందు ఫోన్ చేయమన్నాడు. అడగడం తప్పు కాదు, అడగకపోవడమే ప్రమాదం అన్నాడు.

“కోడలు ఎట్లున్నది ఇప్పుడు?” అని నర్సు మాట కలిపింది.

“తెలియదు. ఫోన్లో బాగానే ఉన్నానంటుంది. నేను చెల్లె దగ్గరుంటున్నా కదా.”

“ఎందుకు?”

“మీరే కదమ్మా చెప్పారు, ఆమెను ముట్టనివ్వొద్దని.”

నర్సు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. “అమ్మా, గోళీలు ముట్టనియ్యొద్దు అన్న. మిమ్ములను ముట్టనియ్యొద్దు అనలే. ఒక్క ఇంట్ల ఉండొచ్చు, కలిసి తినొచ్చు, పక్కన కూసోవచ్చు. తప్పు నాది. అర్థమైందా అని అడిగిన, ఏం అర్థమైందని అడగలే.”

అక్క నా వైపు చూసింది. ఇల్లు ఇరుకని నెలన్నరగా చెబుతున్న మాట ఎక్కడినుంచి పుట్టిందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నర్సు నన్నూ ఒక ప్రశ్న అడిగింది. చేతులు ఇట్లా ఉన్నాయని ఎట్లా పట్టుకున్నావని. నేను మిషన్ సంగతి చెప్పాను. ఈ మందు మింగేవాళ్లలో కొందరికి వేలిముద్రలు పోతాయని ఆమె చదువులో ఉందట. కానీ రేషన్ షాపులో అది ఎట్లా బయటపడుతుందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదట. ఎన్ని వేళ్లు ప్రయత్నిస్తారు, ఎవరెవరివి పడవు, కన్ను ఎప్పుడు వాడతారు, అన్నీ అడిగింది. డాక్టరు పిలిచినా ఒక్క నిమిషం సార్ అంది. గోళీల మీద ఉన్న ప్రతి మనిషినీ ఇకనుంచి బియ్యం మిషన్ మీద వేలు పడుతుందా అని అడుగుతానంది. తర్వాత మేం పోయినప్పుడు నిజంగానే ఎవరినో అడుగుతుంటే విన్నాను.

“మళ్లీ వస్తయా సిస్టర్ ముద్రలు?”

“మందు ఆపినంక చాలామందికి వస్తయి. కొందరికి లేటయితది. బ్యాంకుల ఏమన్న పని పడితే చెప్పుండ్రి, డాక్టర్‌తోని కాగితం రాయించి ఇస్త.”

బస్టాండుకు వచ్చాక నేను మిర్యాలగూడ బస్సు వైపు నడిచాను. అక్క కదలలేదు.

“చెల్లె, కోదాడ బస్సు ఎక్కుదాం” అంది.

కోదాడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క ఇంటి ముందుగదిలో కోడలు కుట్టుమిషన్ దగ్గర కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. ఏడో నెల కడుపు మిషన్ బల్లకు తగులుతోంది. మమ్మల్ని చూసి లేచింది. అక్క గడప దాటలేదు.

“అత్తయ్యా, అక్కడే నిలబడ్డారేంటి? లోపలికి రండి.”

అక్క లోపలికి వచ్చింది కానీ ఎదురుగోడ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, నా వైపు తిరిగి, “చిన్నత్తయ్యా, నేనేం తప్పు చేశానో మీరైనా చెప్పండి. ఆసుపత్రికని వెళ్లినావిడ వెళ్లినట్టే ఉండిపోయారు. ఆయన్నడిగితే తెలియదంటారు. నేను అన్నది ఏదైనా మనసుకు తగిలిందేమోనని రోజూ తలచుకుంటున్నాను” అంది. కళ్లు నిండాయి గానీ ఏడవలేదు.

నేనే అంతా చెప్పాను. గోళీల సంగతి, ముట్టనివ్వొద్దన్న మాట, దాన్ని అక్క అర్థం చేసుకున్న తీరు. కోడలు శ్రద్ధగా విని, వెంటనే ఇంటిపని లెక్కన ప్రశ్నలు మొదలుపెట్టింది.

“మరి బాత్రూం ఒక్కటే కదండీ?”

వాడుకున్నాక అక్కే రెండుసార్లు నిండుగా నీళ్లు పోసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలన్నాను. గోళీలు మింగే రోజుల్లోనూ, ఆపిన తర్వాత రెండు రోజులూ అట్లా చేస్తే చాలని నర్సు చెప్పింది. వాంతి చేసుకుంటే ఆ గిన్నె, బట్టలు అబ్బాయి గ్లవుజులు వేసుకుని విడిగా కడగాలి. గోళీలు అక్క బీరువాలో పై అరలో ఉండాలి.

“పుట్టాక పాపనో బాబునో ఎత్తుకోవచ్చా?”

“ఎత్తుకోవచ్చు” అన్నాను. ఆ మాట నేను నర్సును అడిగి తెచ్చుకున్నదే.

“ఇంతేనా?” అంది కోడలు. లేచి వెళ్లి అత్త పక్కన కింద కూర్చుని, ఆమె చెయ్యి తీసుకుని తిప్పి చూసింది. “అయ్యో, గోరింటాకనుకున్నాను” అంది మెల్లగా. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అక్క కోదాడలోనే ఉండిపోయింది. డాక్టరు రాసిచ్చిన క్రీము పూటపూటకూ రాయించుకుంది. అంట్లు తోమడం, వేడినీళ్లలో చేతులు పెట్టడం, కత్తెర పట్టడం అన్నీ కొన్నాళ్లు మానేసింది. మెత్తటి చెప్పులు కొనుక్కుంది. మూడు వారాలకు చర్మం మానింది. తగ్గించిన డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. అప్పటినుంచి అరచేయి కాస్త గులాబీ రంగుకు తిరిగినా, నాకంటే ముందు ఆమే నర్సుకు ఫోన్ చేసేది. ఒకసారి అర్ధరాత్రి జ్వరమొస్తే అబ్బాయి వెంటనే సూర్యాపేట తీసుకుపోయాడు. తెల్లకణాలు తగ్గాయని రెండు రోజులు ఉంచుకుని పంపారు. అందరూ నిద్రపోతున్నారు కదా, పొద్దున చూద్దాం అనుకుని ఉంటే ఏమయ్యేదో అని నర్సు అన్నప్పుడు, అక్క చెయ్యి పట్టుకుని ఉన్నది కోడలే. మనవరాలు భాద్రపదంలో పుట్టింది.

గోళీలు కార్తీకం చివర్లో అయిపోయాయి. ఆ తర్వాత రెండు నెలల పాటు అక్క మా షాపుకు వచ్చినప్పుడల్లా నేను ఆమె వేళ్లు పెట్టించి చూసేదాన్ని, బియ్యం కోసం కాదు, తెలుసుకోవడానికి. ముందు ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. తర్వాత ఒక్కొక్కటీ. పాత రికార్డుతోనే సరిపోయాయి, కొత్తగా నమోదు చేయించాల్సిన పని రాలేదు. పోయిన ముద్రే ఎట్లా తిరిగొచ్చిందని నర్సును అడిగాను. గీత లోపలి పొరలో గీసి ఉంటుందట, పైపొర పోయినా లోపలినుంచి మళ్లీ అదే పైకొస్తుందట. కుడి బొటనవేలు మాత్రం ఇప్పటికీ ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. సూది పట్టుకుంటే కొస మొద్దుబారినట్టు ఉంటుందని అక్క అంటుంది. జాకెట్లు కుడుతోంది గానీ, హుక్కులూ కాజాలూ కోడలే కుడుతుంది. స్కాన్లలో ఇప్పటివరకు ఏమీ కనబడలేదు. ఆరు నెలలకోసారి పోవాలి.

డోసు తగ్గించడం వల్ల అక్క దగ్గర ఒకటిన్నర స్ట్రిప్పు మిగిలిపోయింది. మా షాపుకు వచ్చే ఒక పెద్దమనిషి, నిడమనూరు నుంచి వచ్చి మా వాడలో కిరాయికి ఉంటున్నాడు, ఈ సంగతి విని వచ్చాడు. ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్. ఆమెకూ ఇదే పేరు గోళీలు రాశారట.

“మీకు ఎట్లాగూ అవసరం లేదు కదమ్మా. పారేసేటివి మాకియ్యుండ్రి” అన్నాడు.

అక్క ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. ఒకప్పుడైతే అడగకముందే ఇచ్చేసేది. ఇప్పుడు స్ట్రిప్పు చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. “అన్నా, పేరు ఒకటైనా కొలత ఒకటి కాదు. ఆమె ఎత్తెంత, బరువెంత, మొన్న తీసిన రక్తంలో ఏముంది, నాకు తెలియదు, నీకూ తెలియదు. ఇవి నేను తిరిగి ఇచ్చెయ్యాలి. రేపు సూర్యాపేట పోతున్నాం. వదిన చీటీలు పట్టుకుని నువ్వు కూడా రా” అంది.

ఆయన నిరాశపడ్డాడు. అయినా మర్నాడు బస్టాండుకు వచ్చాడు. నర్సు అక్క ఇచ్చిన స్ట్రిప్పులు తీసుకుని వాటికోసం పెట్టిన డబ్బాలో వేసింది. చెత్తలో వేసినా, కాలువలో వేసినా వేరేవాళ్లకు ప్రమాదమని ఆయనకు చెప్పింది. తర్వాత ఆయన భార్య చీటీలు చదివి, ఆమెకు రాసిన డోసు వేరని చూపించింది. ఆమె కిందటి రక్తపరీక్ష చూసి, ఈ వారం మొదలుపెట్టొద్దనీ, ముందు ఆమెను తీసుకొచ్చి డాక్టరుకు చూపించమనీ చెప్పి, రావాల్సిన రోజు కాగితం మీద రాసిచ్చింది.

తిరుగు బస్సులో ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు తీసి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. “ఆమెను ఏమేం అడుగుతరమ్మా గాడ?” అని అక్కను అడిగాడు. అక్క ఆయన వైపు తిరిగి కూర్చుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.